మూడో ఏడాది రివ్యూ ఎవరు రాస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో వారానికోసారి వచ్చే గాడ్జెట్ల పేజీని నేను వదలకుండా చదువుతాను. ముందు అదే తీస్తాను, మిగతా వార్తలు ఆ తర్వాతే, ఈ అలవాటు వల్ల ఇంట్లో నాకు మంచి పేరేమీ లేదు. ఆ పేజీ మీద నాకున్నది ఒకే ఒక్క ఫిర్యాదు. కొత్త ఫోన్ వచ్చిందంటే కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, స్క్రీన్ ఎండలో కనబడుతోందా లేదా, గేమ్ ఆడితే ఎంత వేడెక్కింది, అన్నీ రాస్తారు, బాగానే రాస్తారు. కానీ రాసినాయన ఆ ఫోన్ వాడింది వారం, మహా అయితే పది రోజులు. కొనుక్కున్న మేము దాంతో మూడేళ్ళు, నాలుగేళ్ళు వేగాలి. కాపురం చేసే కళ కాలు తొక్కిననాడే తెలుస్తుందంటారు గానీ, గాడ్జెట్ల దగ్గర ఆ సామెత పనికిరాదు. కాలు తొక్కిననాడు అన్నీ బంగారంలాగే ఉంటాయి. అసలు సంగతి మూడో ఏడాదిలో బయటపడుతుంది. ఆ మూడో ఏడాది రివ్యూ మీరు వేయరు, ఇంకెవరూ వేయగా నేను చూడలేదు. అందుకే ఈ ఉత్తరం.

పోయినేడాది నా ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. అంటే పూర్తిగా మానేయలేదు, కేబుల్‌ని ఒక పక్కకి వంచి, కింద అగ్గిపెట్టెలాంటిది ఏదో ఆనించి, ఊపిరి బిగబట్టి చెయ్యి తీస్తే ఎక్కేది. ఎవరైనా అటుగా గట్టిగా నడిస్తే ఆగిపోయేది. మూడు కేబుళ్ళు మార్చాను, అడాప్టర్ మార్చాను, ఆఫ్ చేసి ఆన్ చేశాను, ఇక పోర్టే పోయిందని తీర్మానించేసుకుని రాత్రిళ్ళు కొత్త ఫోన్ల రివ్యూలు చదవడం మొదలుపెట్టాను (మీ పేజీతో సహా). కనీసం అందులో ఉన్న ఫొటోలైనా బయటికి తీయించుకుందామని రిపేర్లు చేసే కుర్రాడి దగ్గరికి పట్టుకెళితే, అతను ఫోన్‌ని తలకిందులు చేసి, లైటు వేసి చూసి, "సార్, జేబులో పెట్టుకుంటారా?" అన్నాడు. జేబులో కాక నెత్తిన పెట్టుకుంటామా! సన్నటి పుల్లతో లోపల గోకి, బూడిదరంగు దూది ఉండలాంటిది ఒకటి బయటికి లాగాడు. మూడేళ్ళుగా నా ప్యాంటు జేబులో ఉన్న నూలు పోగులూ ధూళీ కలిసి పోర్టు అడుగున పేరుకుపోయాయి, కేబుల్ పెట్టిన ప్రతిసారీ నేనే దాన్ని ఇంకా లోపలికి కూరి కూరి గట్టిపరిచాను. ఈసారి కేబుల్ పెడితే టక్కుమని చప్పుడొచ్చింది. కొన్న కొత్తలో వచ్చే ఆ చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో కూడా నేను గమనించలేదు. అతను డబ్బులు తీసుకోలేదు. "ఇనప పిన్నుతో మాత్రం గోకకండి సార్, లోపల కాంటాక్టులు పోతాయి. చెక్క పుల్లో ప్లాస్టిక్ పుల్లో వాడండి, అదీ ఫోన్ ఆఫ్ చేశాకే" అని చెప్పి పంపాడు. కొత్త ఫోన్ కొనేసేవాణ్ణి, ఒక దూది ఉండ కోసం. ఈ ముక్క ఏ రివ్యూలోనూ నాకు తగల్లేదు. ఎలా తగులుతుంది, వారం రోజుల్లో జేబుదూది పేరుకోదు కదా.

బ్యాటరీ సంగతి ఇంకా పెద్దది. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది, దాని వెనక పనిచేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకి 2019లో కెమిస్ట్రీ నోబెల్ కూడా వచ్చింది. అయినా మన ఇళ్ళల్లో తిరిగే సలహాలు మాత్రం అంతకు ముందు వాడిన నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటివే. "మొత్తం అయిపోయాక పెట్టు, నూరు అయ్యేదాకా తియ్యకు" అని మా బాబాయి ఇప్పటికీ చెబుతాడు. ఈ లిథియం రకానికి సరిగ్గా అదే పడదు. సున్నాకి దిగిపోవడమూ పడదు, నూరు దగ్గర గంటల తరబడి కూర్చోవడమూ పడదు. నిండా ఛార్జ్ అయినప్పుడు సెల్‌లో వోల్టేజి సుమారు 4.2 దాకా ఉంటుంది, ఆ స్థితిలో వేడి కూడా తోడైతే లోపలి రసాయనాలు తొందరగా ముసలివవుతాయి. రాత్రంతా దిండు కింద పెట్టి ఛార్జ్ చేయడమంటే రెండూ ఒకేసారి చేయడమే. ఇప్పుడు చాలా ఫోన్లలో 80 శాతం దగ్గర ఆపేసే సెట్టింగ్ ఉంటుంది, బ్యాటరీ మెనూలో ఎక్కడో అడుగున దాక్కుని. నాది నాకు రెండున్నరేళ్ళకి కనబడింది. అప్పటికే మధ్యాహ్నానికి ఫోన్ చేతులెత్తేస్తోంది.

ఇక్కడ నా తెలివితక్కువతనం కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఇంట్లో పాత టాబ్లెట్ ఒకటి ఉండేది, పాటలు పెట్టుకోవడానికని ఏడాది పొడుగునా ప్లగ్గుకే తగిలించి ఉంచాం. ఒకరోజు చూస్తే స్క్రీన్ ఒక అంచున లేచి ఉంది. జిగురు ఊడిందనుకుని, మళ్ళీ అతుక్కుంటుందని దాని మీద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి పడుకున్నాను. పొద్దున్న మా అబ్బాయి చూసి అరిచిన అరుపు ఇప్పటికీ గుర్తుంది. లోపల బ్యాటరీ ఉబ్బి స్క్రీన్‌ని పైకి నెడుతోందట. బ్యాటరీ పాడయ్యేటప్పుడు లోపల గ్యాస్ పుడుతుంది, అది పోయే దారి లేక దిండులా ఉబ్బుతుంది. దాన్ని నొక్కినా, పొడిచినా లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి నిప్పంటుకోవచ్చు. నేను రాత్రంతా దాని మీద బరువు పెట్టి పక్క గదిలో నిద్రపోయాను! ఇలాంటిది కనిపిస్తే వెంటనే ప్లగ్గు తీసి, ఆఫ్ చేసి, మళ్ళీ ఛార్జ్ చేయకుండా, కాలే వస్తువులకు దూరంగా పెట్టి, సర్వీస్ వాళ్ళకో ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకో ఇవ్వాలి. చెత్తబుట్టలో వేయకూడదు. మీ పేజీలో వేలెడంత డబ్బాలో ఈ నాలుగు మాటలు వేస్తే, ఆ వారం ఫోన్ రివ్యూ లేకపోయినా నేను ఫిర్యాదు చేయను.

వారంటీ గురించి. మా ఆవిడ ఫోన్‌కి డబ్బు కట్టి వారంటీ పొడిగించుకున్నాం. ఐపీ68 అని డబ్బా మీద పెద్దక్షరాలతో ఉంది, నీళ్ళంటే భయం లేదన్నారు. మూడో ఏట అది బకెట్లో పడింది, పడి ఒక నిమిషం కూడా కాలేదు, తీసేశాం, అయినా ఆ సాయంత్రానికి స్క్రీన్ మీద గీతలొచ్చి ఆరిపోయింది. సర్వీస్ సెంటర్లో సిమ్ ట్రే తీసి లోపలికి లైటు కొట్టి చూసి, నీళ్ళు తగిలితే రంగు మారే స్టిక్కర్ ఎర్రబడింది, నీళ్ళ డ్యామేజీకి వారంటీ వర్తించదు అన్నారు. నీళ్ళకి తట్టుకుంటుందని అమ్మి, నీళ్ళు తగిలితే వారంటీ లేదనడం ఏమిటని అడిగాను. ఆ అమ్మాయి మర్యాదగానే ఒక కాగితం చూపించింది, అందులో నిజంగానే ఉంది, చీమతలకాయంత అక్షరాల్లో. తర్వాత తెలుసుకున్నదేమిటంటే, ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట, ఐపీ68 అంటే అంతకన్నా కఠినమైన పరీక్ష, ఎంత లోతు ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పినదాన్ని బట్టి. ఆ పరీక్ష చేసేది మంచినీళ్ళలో, కొత్త ఫోన్ మీద. సబ్బునీళ్ళకీ సముద్రం నీళ్ళకీ అది హామీ కాదు. పైగా నీళ్ళు చొరబడకుండా ఆపేది లోపలున్న జిగురూ రబ్బరు సీలూ, అవి కాలంతోపాటు, కింద పడ్డ దెబ్బలతోపాటు వదులవుతాయి. అంటే డబ్బా మీది ఆ అంకె పుట్టినరోజు నాటి బరువులాంటిది, ఇప్పటిది కాదు.

ఇంకో తమాషా. ఆ వారంటీ కోసం బిల్లు తీసుకెళ్ళాను కదా, పోకుండా ఉండాలని మొదటిరోజే ప్లాస్టిక్ కవర్లో పెట్టి భద్రంగా ఫైల్లో దాచాను. తీసి చూస్తే తెల్లకాగితం. ఒక్క అక్షరం లేదు, వెలుతురుకి పట్టి చూస్తే ఏదో లీలగా కంపెనీ గుర్తు. ఈ బిల్లులు సిరాతో అచ్చువేసేవి కావు, వేడి తగిలితే నల్లబడే కాగితం మీద వేసేవి, కాలం గడిచేకొద్దీ వెలిసిపోతాయి. నేను భద్రమనుకున్న ప్లాస్టిక్ కవరే, అందులో ఉండే మెత్తబరిచే రసాయనాల వల్ల, అక్షరాల్ని ఇంకా తొందరగా తినేస్తుందట. మూడేళ్ళ వారంటీకి ఏడాది బతికే బిల్లు! కొన్నరోజే ఫొటో తీసి పెట్టుకోండి అని ఒక్క లైను ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కేబుళ్ళ గురించి ఎక్కువ రాయను, కానీ రాయకుండా కూడా ఉండలేను. యూఎస్‌బీ టైప్-సి 2014లో వచ్చింది, యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లన్నింటికీ అదే పోర్టు ఉండాలని రూలు పెట్టారు, ఇక ఇంటికి ఒకే ఛార్జర్ చాలనుకున్నాం. ప్లగ్గు ఒకటైంది గానీ వైరు ఒకటి కాలేదు. నా సొరుగులో చూడ్డానికి కవల పిల్లల్లా ఉండే కేబుళ్ళు ఐదున్నాయి. ఒకటి కేవలం ఛార్జింగ్‌కే, డేటా పోదు. ఒకటి డేటా పంపుతుంది గానీ 2000 సంవత్సరం నాటి యూఎస్‌బీ 2.0 వేగంతో, అంటే మహా అయితే సెకనుకి 480 మెగాబిట్లు. ఒకటి లాప్‌టాప్‌ని కూడా ఛార్జ్ చేయగలదు, ఎందుకంటే 60 వాట్లు దాటి కరెంటు పంపాలంటే కేబుల్ తలలో ఒక చిన్న చిప్ ఉండాలి, అది దీనికే ఉంది. మిగతా రెండు ఏమిటో ఇప్పటికీ తేలలేదు. పైకి ఏమీ రాసి ఉండదు. మంచిదానికి ఎర్రదారం కట్టుకున్నాను. ఇంట్లో ఎవరైనా ఆ ఎర్రదారం కేబుల్ తీస్తే నాకు టెన్షన్.

వస్తువు ఒళ్ళు బాగానే ఉంటుంది, లోపలి ప్రాణం మాత్రం ఎక్కడో ఎవరో ఆపేస్తారు. మూడో ఏడాది తర్వాత నన్ను బాధపెట్టేది ఇది. మా టీవీ బొమ్మ ఇప్పటికీ అద్దంలా ఉంటుంది, ఒక్క చుక్క చావలేదు. కానీ ఒక సాయంత్రం సినిమా చూద్దామని యాప్ నొక్కితే, ఈ పరికరంలో ఈ యాప్ ఇక పనిచేయదు అని వచ్చింది. పోయిందా అంటే పోలేదు, ఉందా అంటే లేదు. టీవీ మార్చేయమని సలహా ఇచ్చినవాళ్ళే ఎక్కువ. హెచ్‌డీఎంఐలో పెట్టుకునే చిన్న స్టిక్ ఒకటి తగిలిస్తే సరిపోయింది, టీవీ మళ్ళీ పనిలోకి వచ్చింది. అప్పటినుంచి నేను టీవీని టీవీలాగే చూస్తున్నాను, దాని తెలివి దాని దగ్గరే ఉంచుకోమని వైఫై తీసేశాను. ఇలాంటివి ఫోన్లలోనూ జరుగుతుంటాయి. వాట్సాప్ 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ అనే పాత వెర్షన్ ఉన్న ఫోన్లలో ఆగిపోయింది, ఆ కిట్‌క్యాట్ 2013లో వచ్చింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. వాళ్ళ వైపు కారణాలు లేవని నేను అనను. పాత సిస్టంలో భద్రతా లోపాలు పూడ్చుకుంటూ కూర్చోవడం ఎవరికైనా తలకి మించిన పనే, పన్నెండేళ్ళ ఫోన్‌ని మోయమని అడగడం కూడా అన్యాయమే. నేనడిగేది ఒక్కటే, ఆ గడువు తేదీ కొనేటప్పుడే డబ్బా మీద ఉండాలి కదా. మందు సీసా మీద ఉంటుంది, పాల ప్యాకెట్ మీద ఉంటుంది. కొన్ని కంపెనీలు ఈమధ్య మంచి మాటే చెబుతున్నాయి, గూగుల్ 2023లో పిక్సెల్ 8కి, సామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామన్నాయి. ఇచ్చారో లేదో ఏడో ఏడాది రివ్యూ రాస్తే గానీ తెలియదు.

ఇయర్‌బడ్స్ గురించి రెండు మాటలు. ఎప్పుడూ ఒక చెవిదే ముందు పోతుంది. ఫోన్ మాట్లాడేటప్పుడు ఒక చెవిలోనే పెట్టుకునే అలవాటు వల్ల దాని బ్యాటరీ రెండోదానికన్నా ఎక్కువ సార్లు ఛార్జ్ అయి తొందరగా అరుగుతుంది. నాది కుడిదే పోయింది. వారానికోసారి అటూ ఇటూ మార్చి వాడుకోవాల్సిందని తర్వాత తెలిసింది. బ్యాటరీ మార్చుదామంటే చిక్కుడు గింజంత ప్లాస్టిక్కుని పగలగొట్టకుండా తెరవలేరు. (చప్పుడు తగ్గిందని పారేయబోయిన ఇంకో జత మాత్రం బాగానే ఉంది, జల్లెడకి గులిమి అడ్డుపడింది అంతే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, ఎవరికో పనికొస్తుంది.)

ప్రింటర్ గురించి రాస్తే ఉత్తరం ఆగదు. ఒక్కటి చెప్పి వదిలేస్తాను. రంగు సిరా అయిపోయిందని చెప్పి స్కాన్ చేయనన్నది అది. స్కాన్ చేయడానికి సిరా ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

అన్నీ తిట్లే రాస్తున్నానని అనుకోకండి. పదేళ్ళ లాప్‌టాప్ ఒకటుంది మా ఇంట్లో. ఆన్ చేసి, స్నానం చేసి వస్తే అప్పటికి తెరుచుకునేది. అందులో తిరిగే హార్డ్ డిస్క్ తీసేసి, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేయించాం, ఫ్యాన్‌లో పట్టిన దుమ్ము ఊదించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన, వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్పించాం. ఆ రోజు నుంచి అర నిమిషంలో తెరుచుకుంటోంది. కొత్త వస్తువు కొన్నప్పుడు కూడా అంత సంతోషం వేయలేదు నాకు. అది సాధ్యమైంది ఎందుకంటే దానికి అడుగున ఎనిమిది స్క్రూలు ఉన్నాయి, విప్పితే అన్నీ కనబడతాయి. ఇప్పుడొచ్చే పల్చటి వాటిల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, కొన్నరోజు ఎంతో చచ్చేదాకా అంతే. మీ రివ్యూల్లో "ఎంత పల్చగా ఉందో" అని మెచ్చుకుంటారు చూడండి, ఆ పల్చదనం ఖరీదు ఇక్కడ చెల్లిస్తాం మేము.

మూడో ఏడాది గురించి ముందే చెప్పడం కుదరదని మీ రిపోర్టర్లు అనవచ్చు. కొంత కుదురుతుంది. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ఫోన్లూ లాప్‌టాప్‌లూ టీవీల మీద పదికి ఎన్ని మార్కులని రిపేరు స్కోరు వేసి అమ్మడం మొదలుపెట్టారు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త ఫోన్లకి ఒక లేబుల్ ఉంటుంది, బ్యాటరీ ఎన్ని సైకిళ్ళు (ఒకసారి నిండా ఎక్కి దిగితే ఒక సైకిల్) మన్నుతుంది, కింద పడితే ఎంత తట్టుకుంటుంది, రిపేరు ఎంత తేలిక అన్నవి అక్షరాలతో అంకెలతో అందులో ఉంటాయి. 800 సైకిళ్ళ తర్వాత కూడా బ్యాటరీ 80 శాతం నిలవాలని అక్కడి రూలు. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీ వాడేవాళ్ళే మార్చుకునేలా ఉండాలన్న రూలు కూడా వస్తోంది, కొన్ని మినహాయింపులతో. అదే ఫోన్లు ప్రపంచమంతా అమ్ముతారు కాబట్టి ఆ వివరాలు ఎవరైనా వెతికి చూడొచ్చు. మీ రివ్యూ చివర మెగాపిక్సెళ్ళ పక్కన ఆ రెండు లైన్లు కూడా వేయండి. బ్యాటరీ మార్చడానికి ఎన్ని స్క్రూలు విప్పాలో, జిగురు వేడిచేసి ఊడదీయాలో, అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో కూడా అడిగి వేయండి. జవాబు చెప్పకపోతే "అడిగాం, చెప్పలేదు" అని వేయండి, అది కూడా మాకు పనికొచ్చే సమాచారమే. ఐక్యరాజ్యసమితి వాళ్ళ లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకొచ్చింది 22.3 శాతమే. అందులో ఎన్ని ఫోన్లు జేబుదూది వల్ల పోయాయో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంటుంది.

పాత గాడ్జెట్ల రివ్యూలు పాఠకులనే రాయమని అడగండి. మొదటిది నేనే పంపుతున్నాను, చోటుంటే వేసుకోండి.

ఫోన్ వయసు నాలుగేళ్ళ రెండు నెలలు. బ్యాటరీ ఒకసారి మార్పించాను, అందుకోసం వెనక అద్దం ఊడదీశారు కాబట్టి నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడం లేదు. ఆ అద్దం కింది మూలన బీట వారింది, కవర్ వేస్తే కనబడదు. వేలిముద్ర మూడోసారికి గుర్తుపడుతుంది, వేళ్ళు తడిగా ఉంటే అసలు పట్టదు. వాల్యూమ్ బటన్ వదులైంది. కెమెరా పగలు బాగుంది, రాత్రి మొదటినుంచీ బాగోలేదు. చివరి అప్‌డేట్ వచ్చి ఐదు నెలలైంది. 128 జీబీ అని కొన్నాను, ఫొటోలు తీసి లాప్‌టాప్‌లో వేసుకోకపోతే నెలకోసారి నిండిపోయిందని గొడవ చేస్తుంది. పొద్దున్న 80 శాతంతో బయల్దేరితే సాయంత్రం ఏడింటికి 20 ఉంటుంది. నెలకోసారి చెక్క పుల్లతో పోర్టు శుభ్రం చేస్తాను. కేబుల్ పెడితే ఇప్పటికీ టక్కుమంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు